కతోలిక నీతిశాస్త్రం – కార్మికుల హక్కులు

కతోలిక శ్రీసభ బోధ ప్రకారం పని చేసే మనిషికి కుటుంబం గడిచేంత కూలి, తోటివారితో కలిసి సంఘం పెట్టుకునే స్వేచ్ఛ, విశ్రాంతి, ప్రాణానికి ముప్పులేని పనిచోటు హక్కుగా దక్కాలి. ఇవి యజమాని దయతో ఇచ్చేవి కావు, ప్రభుత్వం కొత్తగా పుట్టించినవీ కావు. మనిషిగా పుట్టినందువల్లనే అవి అతనికి ఉన్నాయి. వాటిని గుర్తించి కాపాడటమే ప్రభుత్వం పని. ఈ బోధ అంతా ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది: శ్రమ సరుకు కాదు. బస్తా బియ్యం కొన్నవాడు బియ్యాన్ని ఇంటికి తెచ్చుకుంటాడు, అమ్మినవాడు తన దారిన తాను పోతాడు. పనిని కొన్నప్పుడు అలా కుదరదు. పనితో పాటు మనిషి వస్తాడు, అతని ఆకలి, అలసట, ఇంటి దగ్గర ఎదురుచూసే పిల్లల బాగోగులు కూడా వస్తాయి. అందువల్ల కూలి ఇవ్వడం దానధర్మాల కిందికి రాదు. అది తీర్చవలసిన బాకీ.

ఈ బోధకు సామాజిక బోధ అని పేరు. 1891 నుంచి పోపులు రాస్తూ వచ్చిన లేఖలు దీనికి ముఖ్య ఆధారం. ఎన్‌సైక్లికల్ అనే ఈ లేఖలను తొలి రోజుల్లో పీఠాధిపతులను (బిషప్పులను) ఉద్దేశించి రాసేవారు. 1963లో 23వ జాన్ పోపు రాసిన 'పాచెమ్ ఇన్ తెర్రిస్' మొదటిసారిగా మతంతో నిమిత్తం లేకుండా సద్భావం గల మనుషులందరినీ సంబోధించింది. కూలి రేటు ఎంత ఉండాలి, ఫ్యాక్టరీని ఎలా నడపాలి అన్న లెక్కలు ఈ లేఖల్లో దొరకవు. ఒక లెక్క న్యాయమైనదో కాదో తేల్చుకునే కొలబద్ద మాత్రం వాటిలో ఉంది.

బైబిలు నుంచి గిల్డుల దాకా

ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయంలో కూలివాని గురించి సూటి ఆజ్ఞ ఉంది. పేదవాడు తనవాడైనా పరదేశి అయినా ఆ రోజు కూలి ఆ రోజే, పొద్దు గుంకేలోగా చేతిలో పెట్టాలి. అతని ప్రాణం ఆ కూలి మీదే ఆధారపడి ఉందన్నది అక్కడ చెప్పిన కారణం. కూలి డబ్బును తెల్లవారేదాకా యజమాని తన దగ్గర ఉంచుకోవడాన్నే లేవీయకాండం తప్పు పడుతుంది. కొత్త నిబంధనలోని యాకోబు లేఖ ఇంకా కఠినంగా ఉంటుంది: చేలు కోసినవారికి ఎగ్గొట్టిన కూలి తనంతట తానే దేవునికి మొరపెడుతుందని ధనికులను హెచ్చరిస్తుంది. ఆకాశానికి మొరపెట్టే పాపాలు అని కతోలిక సత్యోపదేశం (కేటకిజం) చెప్పే కొద్దిపాటి జాబితాలో హత్యతో పాటు కూలి ఎగవేత కూడా చేరింది ఇందువల్లే. 1992లో వెలువడిన సత్యోపదేశ గ్రంథం దాన్ని అలాగే ఉంచింది. కూలి ఎగ్గొట్టడాన్ని హత్య పక్కన నిలబెట్టిన నీతిశాస్త్రాన్ని మెత్తని హితవుగా చదవడం పొరపాటు.

మత్తయి సువార్తలోని ద్రాక్షతోట ఉపమానం కూడా ఈ చర్చలో తరచు వస్తుంది. తోట యజమాని పొద్దున్నే సంత వీధికి వెళ్లి కూలీలను పిలుచుకుపోతాడు. పొద్దు వాలేవేళ మళ్లీ వెళితే ఇంకా కొందరు అక్కడే నిలబడి ఉంటారు. తమను ఎవరూ పనికి పిలవలేదని చెబుతారు. తెల్లవారక ముందే హైదరాబాదు అడ్డాల మీద సద్దిమూటలతో నిలబడే కూలీలను చూసినవారికి ఈ దృశ్యం కొత్తది కాదు. ఆలస్యంగా వచ్చినవారికీ యజమాని నిండు రోజు కూలి, ఒక దేనారం, ఇస్తాడు. ఈ ఉపమానం చెప్పేది దేవుని ఔదార్యం గురించే తప్ప కూలి రేట్ల గురించి కాదు. అయినా ఒక దేనారం అంటే ఆనాటి కూలి కుటుంబానికి ఒక రోజు బతుకు అన్న సంగతిని వ్యాఖ్యాతలు గుర్తు చేస్తుంటారు.

చేతిపనిని బానిసలకు వదిలేసిన గ్రీకు, రోమను సమాజంలో వడ్రంగిని ప్రభువుగా, గుడారాలు కుట్టే పౌలును గురువుగా ఎంచుకున్న మతం పనికి కొత్త గౌరవం తెచ్చింది. 6వ శతాబ్దంలో పునీత బెనెడిక్ట్ తన మఠవాసులకు ప్రార్థనతో పాటు చేతిపనినీ నియమంగా పెట్టాడు. మధ్యయుగాల్లో గిల్డులు, అంటే వృత్తి శ్రేణులు, ధరను, నాణ్యతను, శిష్యరికాన్ని అదుపు చేస్తూ చనిపోయిన సభ్యుల కుటుంబాలను ఆదుకునేవి. వాటి గోడల బయట మిగిలినవారికి మాత్రం ఆ రక్షణ ఉండేది కాదు.

యంత్రాల యుగం, ఆలస్యమైన స్పందన

1791లో ఫ్రెంచి విప్లవ ప్రభుత్వం తెచ్చిన లె షాపెలియె చట్టం కార్మికులు కూడబలుక్కుని కూలి పెంచమని అడగడాన్నే నేరం చేసింది. 1799, 1800 సంవత్సరాల్లో బ్రిటన్ అలాంటి చట్టాలే తెచ్చి 1824 దాకా అమల్లో ఉంచింది. గిల్డు పోయింది, సంఘం నిషిద్ధమైంది. ఆకలితో ఉన్న ఒంటరి కార్మికుడు ఒకవైపు, ఫ్యాక్టరీ యజమాని మరోవైపు నిలబడి ఒప్పందం కుదుర్చుకుంటే, దానికి స్వేచ్ఛా ఒప్పందమని పేరు పెట్టారు.

శ్రీసభ ఈ మార్పును చాలాకాలం దానధర్మాల కళ్లతోనే చూసింది. మార్క్స్, ఎంగెల్స్‌ల కమ్యూనిస్టు ప్రణాళిక 1848లో వచ్చింది. కార్మిక సమస్య మీద పోపు లేఖ రావడానికి అప్పటినుంచి 43 ఏళ్లు పట్టింది. ఈలోగా యూరప్ కార్మికుల్లో ఎందరో గుడికి దూరమయ్యారు. దారి చూపినవారు రోములో కాక కార్మికుల మధ్య ఉన్న కొందరు పీఠాధిపతులు. జర్మనీలో మైన్జ్ పీఠాధిపతి విల్‌హెల్మ్ ఫాన్ కెట్టెలర్ 1864లో కార్మిక సమస్య మీద పుస్తకం రాశాడు. 1869లో ఓఫెన్‌బాక్ దగ్గర వేలమంది కార్మికుల సభలో కూలి పెంపు, పనిగంటల తగ్గింపు, బాలకార్మిక నిషేధం న్యాయమైన కోరికలేనని చెప్పాడు. అమెరికాలో 'నైట్స్ ఆఫ్ లేబర్' అనే కార్మిక సంస్థను రహస్య సమాజంగా భావించి నిషేధించాలని కెనడా నుంచి ఒత్తిడి వచ్చినప్పుడు, బాల్టిమోర్ కార్డినల్ జేమ్స్ గిబ్బన్స్ 1887లో రోముకు వినతిపత్రం ఇచ్చి ఆ నిషేధం అమెరికాకు రాకుండా అడ్డుకున్నాడు. సామాన్యుల మనసు పోగొట్టుకున్న శ్రీసభకు భవిష్యత్తు లేదన్నది అతని వాదన.

లండన్‌లో జరిగింది ఇంకా ప్రత్యక్షమైనది. 1889 ఆగస్టులో ఓడరేవు కూలీలు గంటకు 6 పెన్నీల కూలి కోసం సమ్మెకు దిగారు. అప్పటిదాకా వారికి దక్కుతున్నది 5 పెన్నీలు. రోజూ రేవు గేటు ముందు తోసుకుంటూ నిలబడితే కొందరికే, అదీ కొన్ని గంటలకే పని దొరికేది. 81 ఏళ్ల కార్డినల్ హెన్రీ మానింగ్ రెండు పక్షాల మధ్య రోజుల తరబడి తిరిగి రాజీ కుదిర్చాడు. సెప్టెంబరు మధ్యలో కూలీలు అడిగిన 6 పెన్నీలకు రేవు యజమానులు ఒప్పుకున్నారు.

1891: రేరుమ్ నొవారుమ్

13వ లియో పోపు 1891 మే 15న వెలువరించిన 'రేరుమ్ నొవారుమ్' ఈ బోధకు పునాది లేఖ. లాటిన్‌లో ఆ పేరుకు కొత్త సంగతులు అని అర్థం. సోషలిజాన్ని తిరస్కరిస్తూ, సొంత ఆస్తి హక్కును సమర్థిస్తూ మొదలవుతుంది కాబట్టి దీన్ని యజమానుల పక్షాన రాసిన లేఖగా చదివినవారు ఉన్నారు. లేఖ నడుమ ఉన్న కూలి వాదన చదివితే ఆ అభిప్రాయం నిలవదు.

ఆ వాదన ఇలా సాగుతుంది. పనికి రెండు గుణాలున్నాయి. ఒకటి, అది చేసేవాని సొంతం: ఆ శక్తి అతనిది. రెండు, అది అతనికి తప్పనిసరి: పని చేయకపోతే బతకలేడు. మొదటి గుణం ఒక్కటే ఉంటే ఎంత తక్కువ కూలికైనా, ఊరికే అయినా పని చేయడానికి అతను ఒప్పుకోవచ్చు. రెండో గుణాన్ని మొదటిదాని నుంచి విడదీయలేం. ప్రాణం నిలుపుకోవడం ప్రతి మనిషికీ బాధ్యత. పేదవాడికి ఆ బాధ్యత తీర్చే దారి కూలి ఒక్కటే. కనుక బతకడానికి సరిపడే కూలి అతని హక్కు. ఇద్దరూ ఒప్పుకున్న ఒప్పందం కంటే పాతదీ, పైదీ అయిన సహజ న్యాయం ఒకటుంది. గత్యంతరం లేకో, ఇంతకంటే ఘోరం జరుగుతుందన్న భయంతోనో కార్మికుడు తక్కువ కూలికి తల ఊపితే, అది ఒప్పందం కాదు, బలాత్కారం.

వేలిముద్ర వేయించుకున్నంత మాత్రాన, సంతకం పెట్టించుకున్నంత మాత్రాన న్యాయం జరిగినట్టు కాదన్న ఈ తీర్పు కతోలిక కార్మిక నీతికి గుండెకాయ. 1992 సత్యోపదేశ గ్రంథం కూలి గురించి మళ్లీ ఇదే చెప్పింది: ఇరుపక్షాల అంగీకారం ఒక్కటే జీతం మొత్తాన్ని నీతిగా సమర్థించడానికి చాలదు.

గనుల్లో, రాళ్ల క్వారీల్లో పనిచేసేవారికి పనిగంటలు తగ్గాలని, శరీరం, బుద్ధి ఎదగని పిల్లలను ఫ్యాక్టరీలో పెట్టకూడదని, ఆదివారం విశ్రాంతి హక్కని, తమను తాము కాపాడుకోలేని పేదల పక్షాన ప్రభుత్వం ప్రత్యేకంగా జోక్యం చేసుకోవాలని ఈ లేఖ చెప్పింది. సంఘం పెట్టుకోవడం సహజ హక్కు కాబట్టి ప్రభుత్వం దాన్ని నిషేధించరాదంది. లె షాపెలియె చట్టం తర్వాత సరిగ్గా 100 ఏళ్లకు వచ్చిన మాట ఇది. సమ్మెను మాత్రం లియో అనుమానంగానే చూశాడు. సమ్మెకు దారితీసే కారణాలను చట్టం ముందే తొలగించాలన్నది అతని ఆలోచన.

సంఘాల హక్కు: లీల్ వివాదం నుంచి 1965 దాకా

లేఖ వచ్చినంత మాత్రాన కతోలిక యజమానులు మారిపోలేదు. యజమాని, కార్మికుడు ఒకే గొడుగు కింద కూర్చునే మిశ్రమ సంఘాలే కతోలిక పద్ధతి అని చాలామంది వాదించారు. ఉత్తర ఫ్రాన్సులో రూబే, తుర్క్వాన్ పట్టణాల బట్టల మిల్లుల యజమానులు 1924లో తమ ప్రాంతపు క్రైస్తవ కార్మిక సంఘాల మీద నేరుగా రోముకే ఫిర్యాదు చేశారు. ఆ సంఘాలు మార్క్సిజం మాట్లాడుతున్నాయని వారి ఆరోపణ. 1929లో రోము లీల్ పీఠాధిపతి అషీల్ లియెనార్‌కు జవాబు పంపింది. ఆరోపణ నిలవలేదు. కార్మికులు తమకే చెందిన సంఘాలు పెట్టుకోవచ్చని ఆ జవాబు తేల్చింది. ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో జరిగిన సమ్మెలో ఆకలితో ఉన్న కార్మిక కుటుంబాలకు చందా ఇచ్చిన లియెనార్‌ను 11వ పియుస్ పోపు మరుసటి ఏడాది కార్డినల్‌ను చేశాడు. ఒక సిద్ధాంతం ఎవరి పక్షమో తేలేది ఇలాంటి తగాదాల్లోనే.

1931 మే 15న అదే పోపు 'క్వాద్రజేసిమో అన్నో' వెలువరించాడు. జర్మన్ జెజ్విట్ గురువు ఓస్వాల్డ్ ఫాన్ నెల్-బ్రాయినింగ్ దాని ముసాయిదా రాశాడు. కూలి కార్మికునికే కాక అతని కుటుంబానికీ సరిపోవాలన్న మాట ఇందులో ఖాయమైంది. లాభంలో, యాజమాన్యంలో కార్మికులకు వాటా ఉండాలన్న సూచనా వచ్చింది. చిన్న సమూహం చేయగల పనిని పెద్ద వ్యవస్థ లాక్కోకూడదన్న సూత్రం కూడా ఇక్కడిదే. అదే లేఖ వృత్తుల వారీగా సమాజాన్ని మళ్లీ కట్టాలని చెప్పిన భాగం మాత్రం చేదు ఫలితాన్నిచ్చింది. పోర్చుగల్‌లో సలజార్, ఆస్ట్రియాలో డోల్‌ఫుస్ తమ నియంతృత్వాలకు ఆ మాటల్ని ముసుగుగా వాడుకున్నారు. స్వేచ్ఛ లేనిచోట కార్మికుని పేరుతో నడిచే సంస్థ కార్మికునిది కాదని ఆ అనుభవం చూపింది.

ఇదే కాలంలో కార్మికుల మధ్యకు వెళ్లే ప్రయత్నాలు బలపడ్డాయి. బెల్జియంలో ఫాదర్ జోసెఫ్ కార్డైన్ 1925లో యువ క్రైస్తవ కార్మికుల ఉద్యమం స్థాపించాడు. పరిస్థితిని చూడు, నిర్ణయించు, పని చేయి అన్న అతని మూడు మెట్ల పద్ధతిని 1961లో 'మాతెర్ ఎత్ మజిస్త్రా' లేఖ స్వీకరించింది. ఫ్రాన్సులో 1940ల్లో కొందరు గురువులు (ఫాదర్లు) అంగీలు విప్పి ఫ్యాక్టరీల్లో, రేవుల్లో కూలీలుగా చేరారు. దొమినికన్ గురువు జాక్ లోవ్ మార్సే రేవులో మూటలు మోశాడు. వారు సంఘాల్లో, సమ్మెల్లో కలిసిపోవడం చూసి రోము 1954లో ఆ ప్రయోగాన్ని ఆపించింది. రెండో వాటికన్ మహాసభ ముగిసిన 1965లో మళ్లీ అనుమతి ఇచ్చింది. 12వ పియుస్ 1955లో మే 1వ తేదీని కార్మికుడైన పునీత జోజప్ప గారి పండుగగా ప్రకటించాడు.

సమ్మె విషయంలో లియో కాలపు అనుమానం 1965లో తొలగింది. మహాసభ పత్రం 'గౌదియుమ్ ఎత్ స్పెస్' చర్చల దారి వెతకాలంటూనే, చివరి మార్గంగా సమ్మె నేటి పరిస్థితుల్లో అవసరం కావచ్చని ఒప్పుకుంది. హింస ఉండకూడదు, కోరే మేలు కలిగే కష్టానికి తగినంతగా ఉండాలి అన్నవి సత్యోపదేశం పెట్టిన షరతులు.

1981: పని ముందు, పెట్టుబడి తర్వాత

రెండో జాన్ పాల్ పోపు కార్మిక జీవితాన్ని పుస్తకాల్లో మాత్రమే చదివినవాడు కాదు. తన జన్మదేశం పోలండ్ నాజీల ఆక్రమణలో ఉన్న కాలంలో క్రాకోవ్ దగ్గర జాక్జూవెక్ రాతి క్వారీలో, తర్వాత సోల్వే రసాయన కర్మాగారంలో కూలిపని చేశాడు. 1980 ఆగస్టులో పోలండ్‌లోని గ్డాన్స్క్ ఓడల కర్మాగారంలో సమ్మె కట్టిన కార్మికులు గేటుకు ఆయన చిత్రపటం తగిలించారు. ఆగస్టు 31న ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. సాలిడారిటీ అనే స్వతంత్ర కార్మిక సంఘానికి దారి తెరుచుకుంది. కార్మికుల పేరుతో పాలించే రాజ్యంలోనే కార్మికులకు సొంత సంఘం లేకపోవడం ఆ సమ్మె బయటపెట్టిన నిజం. ఆ సంఘానికి అండగా నిలిచిన ఫాదర్ యెజీ పోపియెవుష్కోను 1984లో రహస్య పోలీసులు చంపేశారు.

'లబోరెమ్ ఎగ్జెర్సెన్స్' లేఖ 1981 మే 15న రావలసింది. మే 13న పోపు మీద కాల్పులు జరగడంతో సెప్టెంబరు 14న వెలువడింది. పని గురించి రాసిన కతోలిక పత్రాల్లో ఇంత లోతైనది మరొకటి లేదనడం అతిశయోక్తి కాదు. తయారైన వస్తువు, వాడిన యంత్రం, వచ్చిన ఆదాయం పనికి ఒక వైపు. పని చేసిన మనిషి రెండో వైపు. పని విలువను తేల్చేది రెండోదే. వీధి ఊడ్చేవారి పని, ఇంజనీరు పని మార్కెట్లో వేర్వేరు ధర పలకవచ్చు, కానీ రెండూ చేసేది మనిషే కాబట్టి గౌరవంలో వాటికి తేడా లేదు. యంత్రాలు, పెట్టుబడి అన్నీ ముందు తరాల శ్రమ పోగుపడి తయారైనవే. అందువల్ల శ్రమకు పెట్టుబడి కంటే ముందు స్థానం ఉండాలి. ఒక ఆర్థిక వ్యవస్థ న్యాయంగా ఉందో లేదో చూడాలంటే అక్కడి కూలి చూడాలని ఈ లేఖ చెబుతుంది.

ఇదే లేఖలో వచ్చిన మరో భావన పరోక్ష యజమాని. కార్మికునికి జీతం చేతికిచ్చేవాడు ప్రత్యక్ష యజమాని. ఆ జీతం ఎంత ఉండగలదో దూరం నుంచి నిర్ణయించే ప్రభుత్వాలు, వాణిజ్య ఒప్పందాలు, బహుళజాతి సంస్థలు పరోక్ష యజమానులు, వారికీ బాధ్యత ఉంది. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా దుస్తుల కార్మికులు చనిపోయారు. కుట్టినవారి యజమానులు ఆ భవనంలో ఉన్నారు, ధర నిర్ణయించిన బ్రాండ్లు మరో ఖండంలో ఉన్నాయి. వారంలోపు, మే 1న, అక్కడి కార్మికుల నెల జీతం 38 యూరోలన్న వార్తను ప్రస్తావిస్తూ ఫ్రాన్సిస్ పోపు అది బానిస చాకిరి అన్నాడు. పరోక్ష యజమాని అంటే ఏమిటో దీనికంటే తేటగా వివరించే ఉదాహరణ దొరకడం కష్టం.

కార్మికులే యజమానులయ్యే దారిని కూడా ఈ లేఖ మెచ్చుకుంది. స్పెయిన్ బాస్క్ ప్రాంతంలో ఫాదర్ హోసె మరియా అరిస్మెన్దియరియెత 1943లో పెట్టిన సాంకేతిక పాఠశాల నుంచి వచ్చిన ఐదుగురు యువకులు 1956లో ఒక సహకార కర్మాగారం ప్రారంభించారు. అది పెరిగి నేడు సుమారు 70 వేల మందికి పని ఇచ్చే మోన్‌డ్రాగన్ సమాఖ్య అయింది.

పొలాల్లో పోరాటాలు

సామాజిక బోధకు గట్టి పరీక్ష ఫ్యాక్టరీలో కాక పొలంలో ఎదురైంది. కాలిఫోర్నియాలోని డెలానో ద్రాక్షతోటల్లో 1965 సెప్టెంబరులో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన కూలీలు లారీ ఇట్లియాంగ్ నాయకత్వంలో సమ్మె ప్రారంభించారు. సీజర్ చావెజ్ నడిపిన మెక్సికన్ కూలీల సంఘం కొద్ది రోజుల్లోనే వారితో కలిసింది. 1966లో వారు గ్వాదలూపె మాత పటం పట్టుకుని డెలానో నుంచి రాష్ట్ర రాజధాని సాక్రమెంటోకు కాలినడకన వెళ్లారు. 1968లో చావెజ్ చేసిన నిరాహార దీక్షకు గాంధీజీ కూడా ప్రేరణ. ఆ తోటల ద్రాక్ష కొనవద్దని సాగిన బహిష్కరణ ఫలించి 1970లో తోటల యజమానులు ఒప్పందాలకు దిగివచ్చారు.

ఎల్ సాల్వడార్‌లో చెరకు కూలీల మధ్య పనిచేసిన ఫాదర్ రుతిలియో గ్రాందెను 1977లో కాల్చి చంపారు. రైతుకూలీలకు సంఘం పెట్టుకునే హక్కుందని వాదించిన అగ్రపీఠాధిపతి ఆస్కార్ రొమేరో 1980 మార్చి 24న దివ్యబలిపూజ చేస్తుండగా హత్యకు గురయ్యాడు. బ్రెజిల్ పీఠాధిపతి పెద్రో కసల్దాలిగా 1971లోనే అమెజాన్ భూస్వాముల కింద సాగుతున్న వెట్టిచాకిరిని రాతపూర్వకంగా బయటపెట్టాడు. 1975లో ఏర్పడిన అక్కడి శ్రీసభ భూమి కమిషన్ పారిపోయి వచ్చిన కూలీల సాక్ష్యాలను ఏళ్ల తరబడి నమోదు చేసింది. 1995లో బ్రెజిల్ ప్రభుత్వం ఆ బానిసత్వం ఉందని ఒప్పుకుని తనిఖీ దళాలు ఏర్పాటు చేసింది. ఆ తర్వాత 50 వేలకు పైగా కూలీలు విడుదలయ్యారు. మార్క్సిస్టు విశ్లేషణను అరువు తెచ్చుకున్నారని, పేదల విముక్తిని కేంద్రంగా చేసుకున్న లాటిన్ అమెరికా విముక్తి వేదాంతం మీద రోము 1984లో విమర్శ చేసింది. అయినా కూలీల పక్షాన నిలబడి ప్రాణాలిచ్చినవారిని శ్రీసభ వదులుకోలేదు. రొమేరోను 2018లో పునీతునిగా ప్రకటించింది.

స్త్రీల పని: మారుతూ వచ్చిన బోధ

1891 లేఖ స్త్రీ స్వభావానికి ఇంటిపనే తగినదని భావించింది. 1931 నాటి కుటుంబ వేతనం వెనుక సంపాదించే తండ్రి, ఇంట్లో ఉండే తల్లి అన్న ఊహ ఉంది. ఈ ఊహ పొలంలో, బట్టల మిల్లులో, ఇతరుల ఇళ్లలో ఎప్పటినుంచో పని చేస్తున్న పేద స్త్రీని లెక్కలోకి తీసుకోలేదు. ఆమె కూలి పక్క ఆదాయం అన్న సాకుతో తక్కువ ఇవ్వడానికి అది వీలు కల్పించింది కూడా. స్త్రీవాదుల విమర్శ ఇక్కడ న్యాయమైనది. 1963 నాటి 'పాచెమ్ ఇన్ తెర్రిస్' లేఖ స్త్రీలు తమ హక్కులు అడగడాన్ని కాలం తెచ్చిన మంచి గుర్తుల్లో ఒకటిగా చూసింది. 1995లో రెండో జాన్ పాల్ స్త్రీలకు రాసిన లేఖలో సమాన పనికి సమాన వేతనం కావాలన్నాడు. ఇంటి చాకిరికి విలువ కట్టే ప్రశ్న మాత్రం ఇంకా పూర్తిగా తేలలేదు.

భారతదేశంలో

భారత రాజ్యాంగం 43వ అధికరణం కార్మికులకు జీవన వేతనం కల్పించడాన్ని ప్రభుత్వ లక్ష్యంగా పెట్టింది. 1906లో అమెరికన్ గురువు జాన్ ర్యాన్ తన పుస్తకానికి పెట్టుకున్న పేరూ అదే. మన దేశంలో కార్మికుల్లో అత్యధికులు అసంఘటిత రంగంలో ఉన్నారు కాబట్టి ఇక్కడ ఈ బోధ ఫ్యాక్టరీ గేటు దగ్గర కంటే ఇళ్లలో, తీరంలో, పొలాల్లో ఎక్కువగా కనిపించింది. బెల్జియం నుంచి వచ్చిన మఠకన్య సిస్టర్ జీన్ దెవోస్ 1985లో ప్రారంభించిన జాతీయ ఇంటిపనివారి ఉద్యమం రెండు తెలుగు రాష్ట్రాలతో సహా ఎన్నో రాష్ట్రాలకు విస్తరించింది. పనిమనిషి అన్న మాట స్థానంలో కార్మికురాలు అన్న గుర్తింపు, వారపు సెలవు, కనీస వేతనం దాని కోరికలు. ఇంటిపనివారి హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒడంబడికకు భారత్ అనుకూలంగా ఓటు వేసింది, కానీ నేటికీ దాన్ని ధ్రువీకరించలేదు. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లిన తెలుగు స్త్రీలకు ఈ ఒడంబడిక కాగితం మాట కాదు. వలస కార్మికుడు పరాయివాడన్న కారణంతో తక్కువ హక్కులతో సరిపెట్టుకోకూడదని 1981 లేఖ చెప్పింది వారి గురించే.

కేరళకు చెందిన రెదెంప్తరిస్టు గురువు థామస్ కోచెరి జాతీయ మత్స్యకారుల సంఘానికి నాయకత్వం వహించాడు. చిన్న వలల మీద బతికేవారి చేపలను మరపడవలు ఊడ్చేయకుండా వానాకాలంలో ట్రాలింగ్ నిషేధం కోసం పోరాడాడు. 1989లో నీటిని, బతుకును కాపాడండని తీరం వెంట నడిచి వచ్చిన మత్స్యకారులు మే 1న కన్యాకుమారిలో కలిశారు.

తెలుగు కతోలికుల్లో పెద్ద భాగం మాల, మాదిగ కూలీ కుటుంబాల నుంచి వచ్చినవారు. పాలేరుతనం, వెట్టి ఎరిగిన తరాలవి. ఇక్కడ కూలి ప్రశ్నను కులం నుంచి విడదీయడం కుదరదు. యూరప్‌లో రాసిన లేఖల్లో ఈ ముడి గురించి దాదాపు ఏమీ ఉండదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దళిత క్రైస్తవులను షెడ్యూల్డు కులాల జాబితా నుంచి వెలుపల ఉంచింది. ఆంధ్రప్రదేశ్‌లో వారు వెనుకబడిన తరగతుల జాబితాలో బీసీ-సిగా మిగిలారు. శ్రీసభ లోపలా వివక్ష ఉందని భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016లో విడుదల చేసిన దళిత విధానంలో ఒప్పుకుంది. 2022 ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోని కార్డినల్ అయ్యారు. దళితుల నుంచి ఆ స్థానానికి చేరిన మొదటి వ్యక్తి ఆయనే.

శ్రీసభే యజమాని అయినప్పుడు

ఇతర యజమానులకు చెప్పిన నీతి తన సంస్థలకూ వర్తిస్తుందా అన్నది ఈ బోధకు అన్నిటికంటే కష్టమైన పరీక్ష. 1949లో న్యూయార్క్ కాల్వరీ శ్మశానంలో సమాధులు తవ్వే కతోలిక కార్మికులు సమ్మె చేసినప్పుడు కార్డినల్ స్పెల్‌మన్ దాన్ని కమ్యూనిస్టు కుట్ర అన్నాడు, గురువిద్యార్థులను తీసుకొచ్చి సమాధులు తవ్వించాడు. కతోలిక్ వర్కర్ పత్రిక స్థాపకురాలు డొరొతీ డే కార్మికుల పక్షం వహించి కార్డినల్‌కు లేఖ రాసింది. 1979లో షికాగో ప్రాంత కతోలిక పాఠశాలల ఉపాధ్యాయుల సంఘ హక్కు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. జాతీయ కార్మిక బోర్డుకు ఆ పాఠశాలల మీద అధికారం లేదని తీర్పు వచ్చింది. వాటికన్‌లో ఉద్యోగుల కోసం 1989లో ప్రత్యేక కార్మిక కార్యాలయం ఏర్పడింది. 2024లో వాటికన్ మ్యూజియంల సిబ్బంది 49 మంది పని పరిస్థితుల మీద సామూహిక ఫిర్యాదు దాఖలు చేశారు.

న్యాయం గురించి మాట్లాడేవారు ముందు తాము న్యాయంగా కనిపించాలని 1971లో రోములో జరిగిన పీఠాధిపతుల మహాసభ తీర్మానించింది. శ్రీసభకు పనిచేసేవారికి బతకడానికి సరిపడే జీతం, సామాజిక భద్రత ఉండాలని అదే పత్రంలో రాసింది. 2025 మే 8న ఎన్నికైన పోపు తన పేరుగా 14వ లియో ఎంచుకున్నాడు. యంత్ర విప్లవం నాడు 13వ లియో కార్మికుల గురించి మాట్లాడినట్టే, కృత్రిమ మేధ కాలంలో మనిషి గౌరవాన్ని, పనిని కాపాడే బాధ్యత శ్రీసభ మీద ఉందని కార్డినళ్లకు వివరించాడు. విచారణ (పారిష్) గుడిలో ఉపదేశి, హాస్టల్లో వంటమనిషి, కాన్వెంటు బడిలో టీచరు, ఆసుపత్రి కాపలాదారు కూడా ఆ పని చేసే మనుషులే. 1891 లేఖలోని కూలి సూత్రం నుంచి శ్రీసభ సంస్థలను మినహాయించిన పత్రం ఏదీ లేదు.